సమీకరణానికి ఎన్ని పూర్ణసంఖ్యా సాధనలు? తప్పకుండా లెక్కపెట్టే పద్ధతి

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర సాయంత్రం పూట నిలబడితే చాలు, ఏదో ఒక కోచింగ్ బ్యాచ్ పిల్లలు పలకరిస్తారు. ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "సార్, ఎన్ని సాధనలు ఉన్నాయి అనే లెక్కలు ఒకరోజు వస్తాయి, ఒకరోజు రావు. సూత్రాలన్నీ నోటికొచ్చు. ఎక్కడ పోతోందో తెలీట్లేదు."

నోట్సు తెరిచి చూస్తే సూత్రం తప్పయిన పేజీ దాదాపు ఉండదు. సున్నాను లెక్కలోకి తీసుకోవాలా, రుణసంఖ్యలు పనికొస్తాయా, (2, 5)నీ (5, 2)నీ వేరుగా చూడాలా అనేవి చూసుకోకుండా సూత్రంలోకి దూకేస్తున్నారు. మార్కు అక్కడ పోతోంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ముందు హద్దులు, ఆ తర్వాతే సూత్రం.

రాతలో ఒక చిన్న ఏర్పాటు. ఎక్స్, వై, జెడ్ బదులు ఇక్కడ క, చ, ట, త అని రాస్తాను. మీ కాగితం మీద మీకు అలవాటైనవే రాసుకోండి. సి(12, 2) అంటే 12లోంచి 2 ఎంచుకునే సంయోగాలు, అంటే 66.

1. పెన్ను పెట్టే ముందు: ప్రశ్నలో గీత గీయాల్సిన మాటలు

లెక్క మొదలుపెట్టకముందే ఈ మాటల కింద గీత పడాలి. పది సెకన్ల పని.

- సహజ సంఖ్యలు, ధన పూర్ణసంఖ్యలు: 1 నుంచి.
- పూర్ణాంకాలు, రుణేతర పూర్ణసంఖ్యలు: 0 నుంచి.
- పూర్ణసంఖ్యలు: రుణసంఖ్యలు, సున్నా, ధనసంఖ్యలు అన్నీ.
- క్రమయుగ్మాలు: (2, 5), (5, 2) వేరు వేరు. "ఎన్ని రకాలుగా రెండు భాగాలు చేయొచ్చు" అంటే రెండూ ఒకటే.
- "వేర్వేరు" అన్న మాట ఉందా? ఉంటే క = చ అయ్యేవి తీసేయాలి.
- "కంటే తక్కువ" అన్నాడా, "మించకుండా" అన్నాడా?

రెండో, మూడో గీతల దగ్గర తెలుగు మీడియం వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పూర్ణాంకాలు వేరు, పూర్ణసంఖ్యలు వేరు. పేర్లు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ రెండో దాంట్లో రుణసంఖ్యలున్నాయి. నేను చదువుకునే రోజుల్లో ఒక మాక్ టెస్టులో క × చ = 72కి పూర్ణసంఖ్యా సాధనలెన్ని అంటే ధీమాగా 12 పెట్టి వచ్చాను. జవాబు 24. ఐచ్ఛికాల్లో 12 కూడా ఉంది మరి! ప్రశ్న తయారుచేసేవాడికి మనం ఎక్కడ జారతామో ముందే తెలుసు.

2. ఇది ఏ జాతి లెక్క?

పోటీ పరీక్షల్లో వచ్చేవాటిలో చాలావరకు నాలుగు జాతుల్లో ఒకటి.

- 7క + 11చ = 300 లాంటివి: రెండు చలరాశులు, ముందు గుణకాలు. మూడో మెట్టు.
- క + చ + ట = 10 లాంటివి: గుణకాలన్నీ 1. నాలుగు, ఐదు మెట్లు.
- క × చ ఉన్నవి, వర్గాల తేడా ఉన్నవి, 1/క + 1/చ ఉన్నవి: ఆరో మెట్టు.
- పరమమూల్యాలు, వర్గాల మొత్తం: ఏడో మెట్టు.

క + చ + 2ట = 20 లాంటిది వస్తే చాలామంది నాలుగో మెట్టు సూత్రాన్ని బలవంతంగా అతికిస్తారు. అతకదు. గుణకం పెద్దగా ఉన్నదాన్ని పట్టుకుని ఒక్కో విలువా ఇస్తూ పోవాలి. ట = 0 అయితే క + చ = 20కి 21 రుణేతర సాధనలు, ట = 1 అయితే 19, అలా దిగుతూ ట = 10కి 1. మొత్తం 21 + 19 + … + 1 = 121.

3. రెండు చలరాశులు, ముందు గుణకాలు

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ 30 రూపాయలు, మొక్కజొన్న పొత్తు 20 అనుకుందాం. సరిగ్గా 500 ఖర్చవ్వాలి, చిల్లర మిగలకూడదు. ఎన్ని రకాలుగా కొనొచ్చు?

30క + 20చ = 500. పదితో కొట్టేస్తే 3క + 2చ = 50. 2చ, 50 రెండూ సరిసంఖ్యలే కాబట్టి క సరిసంఖ్య కాక తప్పదు: 0, 2, 4, … 16. మొత్తం 9. "రెండూ కనీసం ఒక్కటైనా కొనాలి" అంటే క = 0 పోతుంది, 8. చ = 0 అయ్యే సందర్భం ఇక్కడ లేదు, ఎందుకంటే 50ని 3 భాగించదు. ఒకే లెక్కకి ఒక్క మాట తేడాతో రెండు జవాబులు వచ్చాయి, గమనించండి.

ఇప్పుడు కాస్త మొండిది: 7క + 11చ = 300, ధన పూర్ణసంఖ్యలు.

(అ) గుణకాల గ.సా.భా. చూడండి. అది కుడివైపు సంఖ్యను భాగించకపోతే సాధనలు సున్నా, అక్కడితో అయిపోయింది. 6క + 9చ = 100 అంటే పెన్ను కింద పెట్టేయొచ్చు, 3 వందను భాగించదు. 7, 11ల గ.సా.భా. 1 కనుక మనం ముందుకు వెళ్తాం.

(ఆ) చిన్న గుణకంతో భాగించి శేషాలు తీయండి. 300ని 7తో భాగిస్తే శేషం 6. 11చలో 11కి శేషం 4. అంటే 4చని 7తో భాగిస్తే 6 మిగలాలి. చ = 1, 2, 3… అని వేసి చూడండి: 4, 1, 5, 2, 6. చ = 5 దగ్గర దొరికింది.

(ఇ) మొదటి సాధన: చ = 5 అయితే 11చ = 55, మిగిలింది 245, క = 35.

(ఈ) అడుగులు వేయండి. చ 7 చొప్పున పెరుగుతుంది, క 11 చొప్పున తగ్గుతుంది. (35, 5), (24, 12), (13, 19), (2, 26). తర్వాతది క = −9, పనికిరాదు. జవాబు 4.

అడుగుల్లోనే చాలామంది తడబడతారు. చ కదిలేది క ముందున్న గుణకమంత, క కదిలేది చ ముందున్న గుణకమంత. అడ్డంగా మారుతుంది. గ.సా.భా.తో ముందే కొట్టేయకుండా అడుగులేస్తే మధ్యలో సాధనలు ఎగిరిపోతాయి. 30క + 20చ = 500లో క 20 చొప్పున కదులుతుందనుకుంటే పని అయిపోయినట్టే!

సరిచూసుకోవడానికి: గ.సా.భా. 1 అయ్యాక, కుడివైపు సంఖ్యను రెండు గుణకాల లబ్ధంతో భాగించండి. రుణేతర సాధనల సంఖ్య ఆ భాగఫలంలోని పూర్ణభాగం గానీ, దానికి ఒకటి ఎక్కువ గానీ అవుతుంది. 300/77 అంటే 3 చిల్లర, కాబట్టి 3 లేదా 4. 50/6 అంటే 8 చిల్లర, కాబట్టి 8 లేదా 9. మీకు 6 వచ్చిందంటే ఎక్కడో జారారు.

మధ్యలో మైనస్ గుర్తు ఉంటే కథ వేరు. 7క − 11చ = 3కి ధన సాధనలు అనంతం, క పెరిగితే చ కూడా పెరుగుతుంది. అందుకే ప్రశ్నలో ఒక హద్దు తప్పకుండా ఇస్తారు. క 100 కంటే తక్కువ అంటే (2, 1) నుంచి మొదలై క విలువలు 2, 13, 24, … 90. మొత్తం 9.

4. చింతపిక్కలు, అగ్గిపుల్లలు

క + చ + ట = 10, రుణేతర సాధనలు ఎన్ని? సూత్రం చెప్పేస్తే రెండు రోజుల్లో మర్చిపోతారు. ఒక్కసారి చేత్తో చేయండి.

బల్ల మీద 10 చింతపిక్కలు వరసగా పేర్చండి. మధ్యలో పెట్టడానికి 2 అగ్గిపుల్లలు తీసుకోండి. మొదటి పుల్లకి ఎడమ పక్కనున్న పిక్కలు క, రెండు పుల్లల మధ్యవి చ, కుడి పక్కవి ట. పుల్లలు పక్కపక్కనే పెడితే చ = 0. మొదటి పుల్ల అన్నింటికన్నా ముందుంటే క = 0. పిక్కలూ పుల్లలూ కలిసి 12 స్థానాలు, వాటిలో పుల్లలకి 2 స్థానాలు ఎంచుకోవడమే మన పని. సి(12, 2) = 66.

ఇప్పుడు ధన సాధనలు కావాలి. అంటే ప్రతి వాటాలో కనీసం ఒక పిక్క ఉండాలి. పుల్లలు పిక్కల మధ్య సందుల్లోనే పడాలి, ఒక్కో సందులో ఒక్కటే. 10 పిక్కల మధ్య సందులు 9. సి(9, 2) = 36.

పది పిక్కలకి పది సందులని లెక్కపెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బల్ల మీద పేర్చి వేలితో సందులు లెక్కపెడితే ఆ తప్పు మళ్లీ చేయరు. చింతపిక్కలు దొరక్కపోతే శనగలైనా చాలు, లెక్కయ్యాక తినేయొచ్చు.

ఇదే బల్ల మీద మిగతా మార్పులు:

- కింది హద్దులు: క ≥ 2, చ ≥ 3, ట ≥ −1. ముందే ఇవ్వాల్సినవి ఇచ్చేయండి. 10 − 2 − 3 + 1 = 6 పిక్కలు మిగిలాయి. సి(8, 2) = 28. −1 దగ్గర పిక్కలు తగ్గవు, ఒకటి పెరుగుతుంది.
- "మించకుండా": క + చ + ట ≤ 10. మిగిలిపోయిన పిక్కలు వేసుకోవడానికి ఇంకో వాటా చేర్చండి. నాలుగు వాటాలు, మూడు పుల్లలు. సి(13, 3) = 286. "10 కంటే తక్కువ" అంటే 9 పిక్కలే, సి(12, 3) = 220.
- అన్నీ బేసిసంఖ్యలే: క + చ + ట + త = 20. ఒక్కొక్కరికి ఒక పిక్క ఇస్తే 16 మిగులుతాయి, అవి జతలుగా పంచాలి. 8 జతలు, సి(11, 3) = 165. చలరాశులు మూడే ఉంటే మూడు బేసిసంఖ్యల మొత్తం 20 అవ్వదు, జవాబు సున్నా.

5. పై హద్దు ఉన్నప్పుడు: బండి నెంబరు లెక్క

మన ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లలో నెంబరు కూడితే 9 రావాలని పట్టుబట్టేవాళ్లకి కొదవ లేదు. ఆ నమ్మకం సంగతి నాకొద్దు గానీ, పై హద్దుల లెక్క నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

0001 నుంచి 9999 దాకా నాలుగంకెల నెంబర్లు. ముందు సున్నాలు ఉండొచ్చు. అంకెల మొత్తం సరిగ్గా 9 అయ్యేవి ఎన్ని?

క + చ + ట + త = 9, ఒక్కోటి 0 నుంచి 9 దాకా. మొత్తమే 9 కాబట్టి ఏ అంకే 9 దాటే ప్రమాదం లేదు. సి(12, 3) = 220.

ఇప్పుడు మొత్తం 18 అయ్యేవి. 1 + 8 మళ్లీ తొమ్మిదే కదా అంటారు బండివాళ్లు. ఇక్కడ పై హద్దు అడ్డొస్తుంది.

(అ) హద్దు లేనట్టు లెక్కపెట్టండి: సి(21, 3) = 1330.

(ఆ) ఒక అంకె హద్దు దాటినవి తీయండి. అంకె 9 దాటడమంటే 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. ఆ 10 ముందే ఇచ్చేస్తే 8 మిగులుతాయి: సి(11, 3) = 165. ఏ అంకె దాటిందో 4 రకాలు: 660.

(ఇ) రెండు అంకెలు ఒకేసారి దాటినవి రెండుసార్లు తీసేసి ఉంటాం, వాటిని తిరిగి కలపాలి. ఇక్కడ రెండు దాటాలంటే 20 కావాలి, ఉన్నది 18. కలపడానికేమీ లేదు.

జవాబు: 1330 − 660 = 670.

మొత్తం 27 అయ్యేవాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. ప్రతి అంకెనూ 9లోంచి తీసేయండి. నాలుగు అంకెల గరిష్ఠ మొత్తం 36, అందులోంచి 27 పోతే 9. అంటే మొత్తం 9 అయ్యేవెన్నో ఇవీ అన్నే: 220. ఇక మొత్తం 36 అయ్యేది 9999 ఒక్కటే.

అన్నీ కలిపితే 220 + 670 + 220 + 1 = 1111. 9999లో 9 గుణిజాలు కూడా సరిగ్గా 1111. రెండు దారుల్లో ఒకే సంఖ్య వచ్చిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు: "9 దాటింది" అనగానే 10 బదులు 9 తీసేయడం. హద్దు 9 అయితే తీయాల్సింది 10. రెండోది, (ఇ) మెట్టు మర్చిపోవడం. మూడు అంకెల మొత్తం 20 అయ్యే సందర్భం చూడండి: సి(22, 2) = 231, అందులోంచి 3 × 66 = 198 తీస్తే 33. రెండు అంకెలు దాటిన 3 సందర్భాలు కలిపితే 36. ఆ కలపడం మరిచినవాళ్ల కోసం ఐచ్ఛికాల్లో 33 ఎదురుచూస్తూ ఉంటుంది. 27 − 20 = 7 అని తిప్పి చూస్తే సి(9, 2) = 36 ఒక్క వరసలో వచ్చేస్తుంది.

6. లబ్ధం ఉన్నవి: కారణాంకాల్లోకి లాగండి

ఈ జాతి మొత్తానికీ పని ఒకటే. ఎడమవైపును రెండు బ్రాకెట్ల లబ్ధంగా మార్చి, కుడివైపు సంఖ్యకి కారణాంకాలు లెక్కపెట్టడం.

క × చ = 72. 72 = 2³ × 3². కారణాంకాలు 4 × 3 = 12. ధన క్రమయుగ్మాలు 12, పూర్ణసంఖ్యల్లో 24, క్రమం పట్టించుకోకపోతే ధన జతలు 6.

క × చ × ట = 72. మూడు రెళ్లను ముగ్గురికి పంచాలి: సి(5, 2) = 10. రెండు మూళ్లను ముగ్గురికి: సి(4, 2) = 6. ధన సాధనలు 60. ఇక్కడా చింతపిక్కలే. పూర్ణసంఖ్యలన్నాడంటే గుర్తులు చూడాలి: మూడూ ధనం, లేదా ఏవో రెండు రుణం. 1 + 3 = 4 రకాలు, కాబట్టి 240. ఎనిమిదితో గుణించకండి.

కచ + 3క − 2చ = 26. చ పక్కన −2 ఉంది కాబట్టి (క − 2), క పక్కన 3 ఉంది కాబట్టి (చ + 3). గుణిస్తే కచ + 3క − 2చ − 6. అంటే (క − 2)(చ + 3) = 26 − 6 = 20. ఆ 6ని కలపాలో తీయాలో తికమక పడతారు. బ్రాకెట్లు ఒకసారి విప్పి చూడటమే దీనికి మందు. 20కి కారణాంకాలు 6, పూర్ణసంఖ్యా సాధనలు 12. ధన సాధనలు కావాలంటే చ + 3 కనీసం 4 అవ్వాలి: 4, 5, 10, 20. జవాబు 4.

1/క + 1/చ = 1/6. అడ్డంగా గుణించి సర్దితే (క − 6)(చ − 6) = 36. 36కి కారణాంకాలు 9, ధన సాధనలు 9. పూర్ణసంఖ్యలంటే 18 అని రాసేస్తారు. ఆగండి! −6 × −6 తీసుకుంటే క = 0, చ = 0. సున్నా హారంలో కూర్చోలేదు. జవాబు 17.

క² − చ² = 96. (క − చ)(క + చ) = 96. రెండు బ్రాకెట్లూ సరిసంఖ్యలే అవ్వాలి లేదా రెండూ బేసి. 96 సరి కాబట్టి రెండూ సరి. ఒక్కోదాంట్లోంచి 2 బయటికి తీస్తే 24 మిగులుతుంది, దానికి 8 కారణాంకాలు, 4 జతలు. ధన సాధనలు (25, 23), (14, 10), (11, 5), (10, 2). కుడివైపు సంఖ్యను 4తో భాగిస్తే 2 మిగిలితే సాధనే ఉండదు. క² − చ² = 2026 కనబడితే సున్నా పెట్టి ముందుకెళ్లండి.

7. పరమమూల్యాలు, వర్గాల మొత్తం

వీటికి పెద్ద తంతు లేదు. |క| + |చ| = 5కి 4 × 5 = 20 సాధనలు. |క| + |చ| ≤ 5 అయితే మొత్తం 0, 1, 2, … 5 అయ్యేవన్నీ కలపాలి: 1 + 4 + 8 + 12 + 16 + 20 = 61. మొదట ఉన్న ఆ 1, (0, 0). అది వదిలేసి 60 పెట్టేవాళ్లే ఎక్కువ.

క² + చ² = 25 లాంటివి విలువలు వేసి చూడటమే. 3, 4 జతకి గుర్తులు, క్రమం మారిస్తే 8. 0, 5 జతకి 4 మాత్రమే, సున్నాకి గుర్తు లేదు కదా. మొత్తం 12.

8. పరీక్ష గదిలో

క్యాట్‌లో (ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష) గణితం విభాగానికి 40 నిమిషాలు. ఐచ్ఛికాలున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది, జవాబు టైపు చేసే ప్రశ్నకి రుణ మార్కులు లేవు. ఐచ్ఛికాలు లేనప్పుడు మీ తప్పును పట్టించే ఆసరా ఉండదు కాబట్టి, అక్కడ చివరి సరిచూపు మానకండి.

- గీతలు గీసిన మాటలకీ నా జవాబుకీ పొంతన ఉందా?
- చలరాశులు సౌష్ఠవంగా ఉండి, క్రమం అక్కర్లేదన్నాడా? అయితే క = చ అయ్యే సాధనను పక్కన పెట్టి, మిగతావి సగం చేసి, మళ్లీ దాన్ని కలపాలి. 1/క + 1/చ = 1/6లో 9 ధన సాధనలున్నాయి. (12, 12) పక్కన పెడితే 8, సగం 4, కలిపితే 5.
- చిన్న సంఖ్యతో పరీక్షించానా? సూత్రం మీద అనుమానమొస్తే 10 చోట 2 పెట్టి చేత్తో రాయండి. క + చ + ట = 2కి రుణేతర సాధనలు 6, సి(4, 2) కూడా 6.
- మూడు నిమిషాలు దాటినా ఏ జాతి లెక్కో తేలలేదా? వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లండి.

9. చేసి చూడాల్సినవి

జవాబు పక్కనే ఉంది, చేత్తో మూసుకుని చేయండి.

- 5క + 8చ = 200, ధన సాధనలు: 4. రుణేతరమైతే 6.
- క + చ + ట + త = 15, ధన సాధనలు: సి(14, 3) = 364.
- కచ = క + చ + 11, ధన సాధనలు: (క − 1)(చ − 1) = 12, కాబట్టి 6.
- బండి నెంబరు అంకెల మొత్తం 10: సి(13, 3) = 286 కాదు. ఒకే అంకె 10 అయిపోయే 4 సందర్భాలు తీసేస్తే 282.
- |క| + |చ| + |ట| = 4, పూర్ణసంఖ్యలు: 66. దీనికి సూత్రం వెతక్కండి, సున్నాలను బట్టి విడదీయండి. సున్నా ఒక్కటీ లేనివి: ధన సాధనలు 3, గుర్తులు 8 రకాలు, 24. ఒక్క సున్నా ఉన్నవి: దాని చోటు 3 రకాలు, మిగతా రెండింటికి ధన సాధనలు 3, గుర్తులు 4 రకాలు, 36. రెండు సున్నాలున్నవి: 3 × 2 = 6.